తినాలక్ బాతిక్ కాదు

సంపాదకులకు,

ఫిలిప్పీన్స్ ప్రాచీన కళలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే మిందనావో దీవిలో తిబోలి స్త్రీలు నేసే తినాలక్‌ను ‘బాతిక్ నూలు వస్త్రం’ అనడం సరికాదు. అది నూలూ కాదు, మైనం పూసి రంగు వేసే బాతికూ కాదు. అరటి జాతికే చెందిన అబాకా బోదె పొరల నుంచి నార గీకి తీసి, ఆరబెట్టి, పోగు చివర పోగు ముడివేస్తూ పోతారు. నేతకు ముందే పడుగులో (నిలువు పోగుల్లో) తెల్లగా, ఎర్రగా ఉండాల్సిన చోట్ల దారంతో కట్టి తునికి జాతి ఆకులతో నలుపు ఎక్కిస్తారు. ఎరుపు రావలసిన కట్లు విప్పి తొగరు వేళ్ల రంగులో ముంచుతారు. తెలుపు కట్లు చివరివరకూ విప్పరు. ఈ వరస తప్పితే తెలుపు మిగలదు.

పోగులను ముందే కట్టి రంగు వేసే మన చిటికి పనికి ఇది దూరపు చుట్టమే. పుట్టపాక తేలియా రుమాలులో పడుగూ పేకా (అడ్డపోగులు) రెండూ కడతారు, తిబోలీలు పడుగు మాత్రమే. ఎండవేళ నార పెళుసుబారి పటపటా తెగుతుంది కనుక నేత పొద్దున్నే, లేదా సాయంత్రం చల్లబడ్డాక. నేశాక గవ్వతో రుద్ది మెరుగు పెడతారు. నాకైతే అసలు అందం ఆ మెరుపులోనే ఉంది.

మరొకటి: తినాలక్ ఇస్లామిక్ కళ కాదు. మిందనావోలో ముస్లిం సమాజపు కళ అంటే మరనావ్ తెగవారి ‘ఓకిర్’ చెక్కడం. వారి పెద్దల నివాసాలైన తొరొగన్ ఇళ్ల దూలాల కొసల్లో నాగం, లేత ఫెర్న్ చుట్టలుగా అది కనిపిస్తుంది.

ఇట్లు,
చేనేత అధ్యయన బృందం సభ్యులు