పంక్తి చివరి గుర్తు గురించి ల్యాబ్‌లో మొదటి రోజే చెప్పాలి

సంపాదకులకు,

అయ్యా,

డిప్లొమా విద్యార్థులకు లినక్స్ ల్యాబ్ తరగతులు చెప్పే అధ్యాపకుడిని. ఏటా మా పిల్లల సమయాన్ని, ధైర్యాన్ని హరిస్తున్న ఒక చిన్న విషయాన్ని మీ పత్రిక ద్వారా తోటి ఉపాధ్యాయుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఇంట్లో విండోస్ కంప్యూటర్‌లో, నోట్‌ప్యాడ్‌లో రాసిన షెల్ స్క్రిప్టును (వరుసగా నడవాల్సిన ఆదేశాల ఫైల్‌ను) పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ల్యాబ్‌లో లినక్స్ మీద నడిపితే, 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అని వస్తుంది. ఆ స్క్రిప్టులను నడిపే ప్రోగ్రామైన బ్యాష్ కొత్త కూర్పుల్లో 'రిక్వైర్డ్ ఫైల్ నాట్ ఫౌండ్' అనీ రావచ్చు. ఆ మాట నమ్మి ఒక విద్యార్థిని తన ఫైల్ తప్పిపోయిందనుకుని గంటన్నర వెతికింది. ఫైల్ కళ్లెదుటే ఉంది, అనుమతులు సరిగానే ఉన్నాయి, స్క్రిప్టులో ఒక్క అక్షరం తప్పు లేదు. మర్నాడు మొత్తం మళ్లీ టైపు చేసుకొచ్చింది. అదే నోట్‌ప్యాడ్ కాబట్టి అదే ఎర్రర్ వచ్చింది.

విండోస్ పంక్తి చివర 13 (సిఆర్), 10 (ఎల్ఎఫ్) అనే రెండు సంకేతాలు పెడుతుంది, లినక్స్‌కు 10 ఒక్కటే చాలు. స్క్రిప్టును ఏ ప్రోగ్రామ్ నడపాలో చెప్పే మొదటి పంక్తిలో బ్యాష్ పేరు చివర ఆ 13 అంటుకుని ఉండటంతో, కంటికి కనిపించని ఆ గుర్తును కూడా పేరులో భాగంగానే తీసుకుని లినక్స్ వెతుకుతుంది. అంటే దొరకనిది స్క్రిప్టు కాదు, దాన్ని నడపవలసిన ప్రోగ్రామ్. లోయర్, హయ్యర్ పరీక్షలకు టైపు నేర్చుకున్నవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది: లీవరు తోస్తే క్యారేజీ మొదటికి వచ్చేది, కాగితం ఒక వరుస పైకి జరిగేది. టెలిప్రింటర్లలో ఆ రెండు పనులకూ వేర్వేరు సంకేతాలుండేవి. డాస్, దాని వెంట విండోస్ ఆ రెండింటినీ ఉంచుకోగా, లినక్స్ అనుసరించే యూనిక్స్ ఒకదానితో సరిపెట్టుకుంది.

ఆదేశంలో స్క్రిప్టు పేరుకు ముందు బ్యాష్ అని చేర్చి నడిపితే మొదటి పంక్తి అడ్డు తొలగుతుంది కానీ, నా దృష్టిలో అది మరింత ప్రమాదం. ఫోల్డరు సృష్టించే పంక్తి చివర 13 ఉంటే, పేరులో అది కలిసిన ఫోల్డరే తయారవుతుంది, తర్వాత మామూలు పేరుతో వెతికితే దొరకదు.

ఫైల్‌లో ఉన్నది చూపించే క్యాట్ ఆదేశానికి పెద్ద 'ఎ' ఆప్షన్ ఇస్తే, పంక్తి చివర డాలరు గుర్తుకు ముందు ఆ 13కు బదులుగా టోపీ గుర్తు (^), 'ఎమ్' కనిపిస్తాయి. అప్పుడు డాస్2యూనిక్స్ ఆదేశంతో సరిచేయవచ్చు. విఎస్ కోడ్ ఎడిటర్ వాడేవారు కింద కుడివైపు కనిపించే సిఆర్ఎల్ఎఫ్‌ను ఎల్ఎఫ్‌గా మార్చి సేవ్ చేస్తే చాలు. ఫైళ్లలో మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ వాడేచోట, షెల్ స్క్రిప్టులకు ఎల్ఎఫ్ మాత్రమే ఉండాలని గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఒక్క వరుస రాస్తే, ఎవరు ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఆ నియమమే వర్తిస్తుంది.

మేము వాడే ల్యాబ్ మాన్యువల్లో లూపులు, ఫంక్షన్లు ఉన్నాయి గానీ ఈ మాట ఒక్కచోటా లేదు. మాన్యువళ్లు తయారుచేసేవారు దీన్ని మొదటి అభ్యాసంగా చేర్చాలని, రెండు రకాల ఫైళ్లనూ విద్యార్థుల చేతికిచ్చి తేడాను వారి చేతనే కనిపెట్టించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు