ఎన్.జి. రంగా గారు కూర్చున్న సీటు నుంచి ఆస్తి హక్కు గురించి మాట్లాడండి

గౌరవనీయులు కేంద్ర మంత్రి, మా ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారం.

మూడోసారి గెలిచారు, కేంద్ర కేబినెట్‌లో చేరారు. చాలా సంతోషం. నేను బారువ దగ్గర కొబ్బరి తోట చేసుకునే రైతును.

2024 మే 13న పోలింగ్ లైన్లో నా ముందూ వెనకా అందరి నోటా భూమి మాటే. మా తోట సంగతి చెబుతాను. గట్టు మీద పనస చెట్టు మా తాత నాటింది. భూముల రీసర్వేలో హద్దు రాయిని ఆ చెట్టుకు ఇవతల పాతారు. మాకు ఏడు సెంట్లు తగ్గింది. పక్క తోట ఆయన తనే వచ్చి, "ఇది నాది కాదు, మీ తాతది" అన్నాడు. ఆ ఒక్క మాట కాగితం మీదకు ఎక్కించడానికి ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరిగాయి. ఈలోగా పాస్‌బుక్ వచ్చింది, అట్ట మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఫోటోతో. 2018లో తిత్లీ తుఫానుకు సగం చెట్లు కూలినా అమ్ముకోకుండా నిలబెట్టుకున్న భూమి అది. ఎవరో దయతలచి ఇచ్చినట్టు ఆ ఫోటో ఏమిటని మా అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

భూమి తగువు వస్తే సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం రద్దు మీద చంద్రబాబు గారు ముఖ్యమంత్రి కాగానే రెండో సంతకం పెట్టారు. మంచి పని. కానీ ఆ తరహా చట్టానికి నమూనా తయారుచేసింది ఢిల్లీలో కేంద్రానికి సలహాలిచ్చే నీతి ఆయోగే. రేపు అదే ఇంకో పేరుతో వస్తే కేబినెట్‌లో మీరు అడ్డుపడాలి. ఇప్పుడున్నది మనవాళ్లే కదా అని ఊరుకోవద్దు. ఎదుటి పార్టీ చేతిలో ఉంటే భయపడే అధికారం మన చేతిలోనూ ఉండకూడదు.

పింఛను 4000 చేశారు, మా అమ్మకూ వస్తుంది, కాదనను. అప్పు చేసి పంచితే తీర్చాల్సింది మనవలు కదా అన్నదే నా దిగులు.

రైతు భూమి రైతుదే అని 1959లో ఉమ్మడి సేద్యం ఆలోచనను ఎదిరించి పుట్టింది స్వతంత్ర పార్టీ. ఆ పార్టీ తరఫున 1967లో రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు మన శ్రీకాకుళం నుంచే లోక్‌సభకు వెళ్లారు. ఆయన శిష్యుడు గౌతు లచ్చన్న గారిది మా బారువే. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి పోయింది. మిగిలింది, చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదనే 300ఎ అధికరణం ఒక్కటే. దాన్ని మళ్లీ ప్రాథమిక హక్కు చేయమని ఆ సీటు నుంచి అడగాల్సింది మీరే. 2024లో 240 సీట్ల దగ్గర ఆగిన బీజేపీకి మీ టీడీపీ ఎంపీలు 16 మంది అవసరం ఉంది. ఆ బలాన్ని నిధులు అడగడానికే కాదు, ఇందుకూ వాడండి.

రాయి ఇంకా అక్కడే ఉంది, పనస చెట్టుకు ఇవతల. ఇటు వచ్చినప్పుడు చూపిస్తాను.

ఇట్లు,
ఉద్దానం కొబ్బరి రైతు