అల్లరి చేసినందుకు ఆటలమ్మ రాదని చెప్పండి

సంపాదకుల గారికి నమస్కారం.

మొన్న ఫిబ్రవరిలో మా ఏడేళ్ళ బాబుకు ఆటలమ్మ పోసింది. అత్తయ్యగారు గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు మాన్పించారు. నాకేం అభ్యంతరం లేదు. ఆ మండలు చూసే పక్కింటావిడ చంటిపిల్లతో లోపలికి రాకుండా వాకిట్లోనే ఆగిపోయింది.

మూడో రోజు రాత్రి బాబు పడుకోలేదు. దురదగా ఉన్నా గోక్కోకుండా, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. "అమ్మా, రబ్బరు తిరిగిచ్చేస్తే అమ్మవారికి కోపం పోతుందా?" అన్నాడు. బ్యాగు చూస్తే పక్క పిల్లాడి రబ్బరు, ఒక మూల కొరికి ఉంది. చూడ్డానికొచ్చిన వాళ్ళెవరో "అల్లరి చేస్తే ఇంతే మరి" అన్నారట. ఆ ఒక్క మాట మూడు రోజులు మోశాడు.

మర్నాడు పూజగదిలో అగరుబత్తి వెలిగించి, హాల్లో ఉన్న వాణ్ణి వాసన వస్తోందా అని అడిగాను. వస్తోందన్నాడు. "ఈ జబ్బు తెచ్చే వైరస్ కూడా ఇలాగే గాలిలో వస్తుంది నాన్నా, మంచివాళ్ళా అల్లరివాళ్ళా అని చూడదు" అన్నాను. "మరి కనిపించదేం?" "వాసన కనిపిస్తోందా?" తర్వాత అరచేతికి పసుపు రాసి గ్లాసు పట్టుకోమన్నాను. పొక్కుల్లో నీరు తగిలినా ఇలాగే అంటుకుంటుందని చెప్పాను. గ్లాసు మీద పచ్చని వేళ్ళ గుర్తులు చూసి, చెల్లెలి గ్లాసు తనే దూరంగా జరిపాడు.

అత్తయ్యగారు తన చేతి మీది టీకా మచ్చ వాడికి చూపించారు. అమ్మవారంటే ఆవిడకున్న భయం మశూచి రోజులది. అది 1980 నాటికే ప్రపంచంలో లేకుండా పోయింది. ఆటలమ్మ వేరే జబ్బు.

నాకు ఇంకా బాధ కలిగించింది బడి. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుతుంది కాబట్టి ఎవరి నుంచి వచ్చిందని వెతికి లాభం లేదు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టాక ఇక అంటదు. డాక్టరు గారు సరేనన్నాకే పంపాను. అయినా మొదటి రోజే బెంచీ మీద పిల్లలు అటు చివరికి జరిగారు, "మా అమ్మ నీ పక్కన కూర్చోవద్దంది" అంటూ. ఆ తల్లుల భయం నాకు తెలుసు, నేనూ తల్లినే. కానీ "వాడి దగ్గరకు వెళ్ళకు" అన్నవాళ్ళు, ఎప్పటి దాకా వెళ్ళకూడదో కూడా పిల్లలకు చెప్పాలి కదా.

టీచర్లకు ఒక్క మనవి. అలాంటి బిడ్డ తిరిగి బడికి వచ్చిన రోజు, పొక్కులన్నీ ఎండిపోయాయి, పక్కన కూర్చోవచ్చు అని తరగతిలో అందరి ముందూ చెప్పండి. రెండు నిమిషాలు చాలు.

– ఓ తల్లి, తెనాలి