ఈరీ కాలువ తవ్విన కూలీలకు మాంటెజుమాలో ఒక స్మారకం కట్టండి

న్యూయార్క్ రాష్ట్ర గవర్నర్ గారికి,

నమస్కారం. నేను రోచెస్టర్‌లో స్థిరపడిన తెలుగువాణ్ణి, మాది గోదావరి డెల్టా. లాకులు, కాలువ గట్ల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి ఈరీ కాలువంటే నాకు మమకారం. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. ఇక్కడి మావాళ్లూ చదవాలని తెలుగులో కూడా రాస్తున్నాను.

1817 జూలై 4న మన రాష్ట్రంలోనే ఉన్న రోమ్ ఊరి దగ్గర కాలువ పని మొదలైంది. 1825 అక్టోబరుకల్లా హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఆల్బనీ నుంచి ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫెలో దాకా 363 మైళ్ల కాలువ, 83 లాకులతో సహా పూర్తయింది. లోతు నాలుగే అడుగులు. అంతకుముందు బఫెలో నుంచి న్యూయార్క్ నగరానికి టన్ను సరుకు చేర్చాలంటే దాదాపు 100 డాలర్లు అయ్యేది. కాలువ వచ్చాక అది 10 డాలర్లకు దిగొచ్చింది. పడమటి గోధుమలు న్యూయార్క్ రేవు దారి పట్టాయి, పోటీ రేవు ఫిలడెల్ఫియా వెనకబడింది. అప్పటి గవర్నర్ డివిట్ క్లింటన్ పట్టుదల లేకపోతే ఇదంతా జరిగేది కాదు. ఆయనకు దక్కిన గౌరవం న్యాయమే.

మరి తవ్వినవాళ్ల సంగతి? పనిని చిన్న చిన్న ముక్కలు చేసి కాంట్రాక్టర్లకు అప్పగించారు. చుట్టుపక్కల రైతుబిడ్డలతో మొదలైన పనిలో ఏటేటా ఐరిష్ వలస కూలీలు పెరిగారు. రోజు కూలి డాలరు లోపే. 1819లో మాంటెజుమా చిత్తడి నేలల్లో, బురద నీళ్లలో నిలబడి తవ్వుతుంటే దాదాపు వెయ్యి మందికి జ్వరాలు పట్టుకున్నాయి. చాలామంది అక్కడే పోయారు. అది మలేరియా అని, దోమకాటుతో వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. చెడుగాలి సోకుతోందనుకుని, మెడలో పొగకుండలు వేలాడదీసుకుని పని చేశారని చెబుతారు. ఆ పొగలో రోజంతా పార పట్టడం ఎలా ఉంటుందో ఆలోచించండి. లాక్‌పోర్ట్‌లోనైతే రాతికి చేత్తో రంధ్రాలు కొట్టి, మందు కూరి పేల్చారు. ఎగిరిన రాళ్లు ఊళ్లో పడేవి.

వలస వచ్చినవాళ్లు ఎవరో పెంచిన సంపద పంచుకోవడానికే వస్తారనే మాట ఇవాళ గట్టిగా వినిపిస్తోంది. ఈరీ కాలువ చరిత్ర అందుకు పూర్తిగా ఎదురు. 1825లోనే నార్వే నుంచి చిన్న ఓడలో దిగిన యాభై మందికి పైగా జనంలో చాలామంది ఇదే దారిన మన రాష్ట్రంలోని కెండాల్ చేరి అడవి కొట్టి సేద్యం చేశారు.

కాలువకు 200 ఏళ్లు నిండాయి. మాంటెజుమాలో ఆ జ్వరాలకు బలైన కూలీల పేరిట ఒక స్మారకం కట్టించండి. ఈ నేల ఇక్కడి మూలవాసులైన హోడెనోషోనీ ప్రజలదని, కాలువతో పాటు వచ్చిన జనం వాళ్లను పక్కకు నెట్టేశారని దాని మీద స్పష్టంగా రాయించండి. ఆల్బనీలోని రాష్ట్ర దస్తావేజుల్లోంచి, చర్చిల రిజిస్టర్లలోంచి దొరికిన ప్రతి కూలీ పేరూ ఏరి చెక్కించండి. ఆ వెతుకులాటకు మనుషులు కావలసి వస్తే, నేను సెలవు రోజుల్లో వచ్చి పని చేస్తాను.

ఇట్లు,
రోచెస్టర్ నివాసి