రిపోర్టు ఇంకా రాలేదమ్మా

లెస్టర్,
నవంబరు, ఆదివారం

అమ్మకు,

గడ్డకు చేసిన పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు. ఈ ఉత్తరం తెరవగానే నువ్వు వెతికేది అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఫోనులో అయితే సగంలోనే నీ గొంతు పూడుకుపోతుంది, మిగతా సగం నిన్ను ఓదార్చడానికే సరిపోతుంది. అందుకే రాస్తున్నాను.

చంక దగ్గర గడ్డ చేతికి తగులుతోందని చెప్పగానే ఇక్కడి మా డాక్టరు రొమ్ము క్లినిక్‌కు రాసింది. అక్కడ చేత్తో చూడడం, అల్ట్రాసౌండ్, బయాప్సీ అంటే సూది పరికరంతో గడ్డలోంచి చిన్న ముక్క తీయడం, అన్నీ ఒకే పూటలో అయిపోయాయి. మామోగ్రామ్, అదే రొమ్ము ఎక్స్‌రే, ఎందుకు తీయలేదని నాన్న అడిగారు కదా. నలభై లోపు వాళ్లకు రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో గడ్డ సరిగ్గా తేలదు, అందుకని ముందు అల్ట్రాసౌండే చేస్తారట. సూది వేసే ముందు నర్సు ఆ పరికరాన్ని గాలిలో ఒకసారి నొక్కి చప్పుడు వినిపించింది. స్టేప్లర్ కొట్టినట్టు టప్పుమంది. లోపల ఆ చప్పుడు వచ్చినప్పుడు ఉలిక్కిపడి కదలకుండా ఉండడానికట. మత్తు ఇచ్చారు కాబట్టి నొప్పి తెలియలేదు. ఇంటికి వచ్చాక రెండు రోజులు కమిలి నీలంగా ఉంది, అంతే.

ఇక నీ లెక్క సంగతి. "మంచిదైతే ఈపాటికి చెప్పేవాళ్లు" అంటావు. నాన్న రక్తపరీక్ష సాయంత్రానికల్లా వాట్సాప్‌లో వచ్చేస్తుంది, నిజమే. రక్తాన్ని యంత్రం చూస్తుంది. ఈ ముక్కను మనిషి చూడాలి. ముందు పాడవకుండా ఫార్మలిన్ అనే మందునీళ్లలో నానబెట్టాలి, నీరు తీసేయాలి, మైనంలో పోసి గట్టిపరచాలి, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచటి పొరలుగా కోసి రంగులద్దాలి. అప్పుడు పాథాలజిస్టు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. అనుమానం తీరకపోతే ఇంకో రకం రంగులు వేసి చూస్తారు, దానికి మరికొన్ని రోజులు. ఆపైన వారానికొకసారి సర్జన్లు, స్కాన్ డాక్టర్లు, పాథాలజిస్టులు కూర్చుని మాట్లాడుకున్నాకే మనకు చెబుతారు. మనవైపు మాత్రం తక్కువా? బాబాయి మెడ దగ్గర గడ్డ తీసినప్పుడు రిపోర్టు కోసం వారం పైనే ఎదురుచూశాం, గుర్తు తెచ్చుకో.

డాక్టరు అనుమానంతో రాసిన రోజు నుంచి 28 రోజుల్లో క్యాన్సర్ ఉన్నదీ లేనిదీ తేల్చి చెప్పాలని ఇంగ్లండ్‌లో ఒక గడువు పెట్టుకున్నారు. అందరికీ ఆ గడువులో తేలదు. పాథాలజిస్టుల కొరత ఏళ్లుగా ఉన్నదే. కాబట్టి ఆలస్యం చెడ్డ కబురూ కాదు, మంచి కబురూ కాదు. ఇలా పంపినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ కాదనే తేలుతుందని క్లినిక్‌లో చెప్పారు. ఆ మాట నేను గట్టిగా పట్టుకోవడం లేదు, వదిలేయడమూ లేదు.

భయం లేదని అబద్ధం చెప్పను. ఆసుపత్రి నుంచి వచ్చే ఫోనుకు ఇక్కడ చాలాసార్లు నంబరు కనిపించదు. అలాంటి ఫోను మోగిన ప్రతిసారీ నా చేతులు చల్లబడతాయి. తీరా ఎత్తితే ఇన్సూరెన్స్ అమ్మేవాడు! మొన్న ఒకణ్ణి తిట్టిన తిట్లు నువ్వు వింటే నీ పెంపకం మీద నీకే సందేహం వచ్చేది.

రాత్రి భోజనాలయ్యాక అరగంట మాత్రం దీని గురించి ఏమైనా మాట్లాడుకోవచ్చని, మిగతా రోజంతా వద్దని మీ అల్లుడూ నేనూ ఒప్పందం చేసుకున్నాం. పగలు ఏదైనా భయం వేస్తే చీటీ మీద రాసి పెట్టుకుంటాను. రాత్రికి చూస్తే సగం చీటీలు చదవడానికే విసుగ్గా ఉంటాయి. మిగతా సగం అలా ఉండవనుకో. ఆయన మాత్రం ఆ అరగంటా నోరు విప్పకుండా పొయ్యి తోముతూ కూర్చుంటారు. బర్నర్ల కంతలు కూడా పుల్లతో పొడిచి శుభ్రం చేస్తారు. ఆయన మాట్లాడడం అదే అనుకుంటున్నాను. ఇంటర్నెట్‌లో వెతకడం మానేశాను. రిపోర్టు ఫోనులోని యాప్‌లో ముందే కనబడినా ఒంటరిగా తెరవనని, ఆయన పక్కన ఉన్నప్పుడే చూస్తానని అనుకున్నాను. క్లినిక్ నర్సు నంబరు ఇచ్చింది. బుధవారం దాకా కబురు లేకపోతే నేనే ఫోను చేసి అడుగుతాను.

నువ్వు చేయాల్సినవి చెబుతాను. పొద్దున్నా సాయంత్రం "వచ్చిందా" అని అడగకు. నేనే మధ్యాహ్నం భోజనం వేళ చేస్తాను, నీకప్పుడు దీపాలు పెట్టే వేళ. అప్పుడు పక్కింటివాళ్ల గొడవలు చెప్పు, ధరలు చెప్పు, నన్ను తిట్టినా సరే. మొక్కు మొక్కుకున్నావని తెలుసు, వద్దనను. కానీ మోకాళ్లతో మెట్లెక్కుతానని మొక్కి ఉంటే ఇప్పుడే మార్చుకో. పిన్నికి చెప్పకు. చెబితే వీధంతటికీ తెలుస్తుంది, అప్పుడు పదిమందికి నేను సమాధానం చెప్పుకోవాలి.

అన్నట్టు, నాన్న కంటి శుక్లం ఆపరేషన్ దసరా తర్వాత అన్నారు, దీపావళి తర్వాత అన్నారు, ఇప్పుడు సంక్రాంతి అంటున్నారట. నా రిపోర్టు ఆలస్యానికి ఇంత కంగారు పడే మనిషి, ఆ వాయిదాలకు ఎందుకు ఊరుకుంటున్నావు? ఈ వారంలో తీసుకెళ్లి తేదీ ఖాయం చేయించు. ఆ తేదీ నాకు చెప్పు, సెలవుకు రాసుకుంటాను.

నీ చిన్ని