క్రిమి పేరు చెప్పే యంత్రాలు, వాటికి తెలియని మన క్రిములు

సంపాదకుల గారికి,

నమస్కారం.

సూక్ష్మజీవిని నిమిషాల్లో గుర్తుపట్టే యంత్రాలు హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రులకూ, డయాగ్నొస్టిక్ కేంద్రాలకూ వస్తున్నాయనీ, వాటి వ్యాపారం ఏటేటా పెరుగుతున్నదనీ మీ పత్రిక వాణిజ్య పుటలో తరచుగా చదువుతున్నాను. ముప్ఫై ఒక్క సంవత్సరాలు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని కాబట్టి ఆ వార్తలు నాకు సంతోషమే కలిగిస్తాయి. అయితే వాటిలో ఎక్కడా కనిపించని ఒక విషయం ఉంది. యంత్రం చెప్పే పేరు, దానిలోపల ముందే రాసిపెట్టిన జాబితాలోంచి వస్తుంది. ఆ జాబితాను రాసినవారు మన పొలాలనూ, మన మురుగు కాలువలనూ, మన రోగులనూ ఎంతవరకు చూశారన్నది ఎవరూ అడగడం లేదు. నాకు తెలిసినంతలో ఆ సంగతి మీ పాఠకులకు వివరించడానికే ఈ ఉత్తరం.

మేము పని నేర్చుకున్న రోజుల్లో రక్తంలోని క్రిములను పెంచే బ్లడ్ కల్చర్ సీసాను వెచ్చటి ఇంక్యుబేటర్‌లో పెట్టి, మరునాడు ఉదయం వెలుతురుకు ఎత్తి పట్టుకుని, లోపలి ద్రవం మబ్బుపట్టిందా లేదా అని చూసేవాళ్ళం. మబ్బు కనిపిస్తే ఒక చుక్క తీసి, డెన్మార్క్ వైద్యుడు గ్రామ్ 1884లో ప్రకటించిన రంగు పరీక్ష చేసి, మరో చుక్కను క్రిములు పెరిగే అగర్ ప్లేటు మీద లూప్ అనే తీగతో గీసి, అది పెరిగేందుకు మరో రాత్రి ఆగేవాళ్ళం. ఆ తర్వాత ఇండోల్, సిట్రేట్, యూరియేజ్ అంటూ వరసగా రసాయన పరీక్షల గొట్టాలు, మళ్ళీ ఒక రాత్రి. సూడోమొనాస్ అనే క్రిమి పెరిగిన ప్లేటు మూత తీస్తే ద్రాక్షపండు వాసన వచ్చేది. అనుభవమున్నవాళ్ళు గొట్టాల రంగు మారకముందే ఆ వాసనతో పేరు చెప్పేవారు. (ప్లేటు వాసన చూడకూడదన్న నియమం అప్పుడూ ఉంది. అందరం చూసేవాళ్ళం. అది ఎంత ప్రమాదమో నాకు ఉద్యోగం చివరి రోజుల్లో గాని అర్థం కాలేదు.)

ఇప్పుడు ఆ గొట్టాల పనిని మాల్డీ-టాఫ్ అనే యంత్రం చేస్తున్నది. ప్లేటు మీది కాలనీని, అంటే క్రిములు గుంపుగా పెరిగిన మచ్చను, పుల్లతో కొద్దిగా తీసి, ఉక్కు పలక మీద రాసి, పైన ఒక రసాయన ద్రావణం చుక్క వేసి ఆరనిస్తారు. దాని మీద లేజర్ పడగానే క్రిమిలోని ప్రోటీన్లు, ముఖ్యంగా కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములకు చెందినవి, విద్యుదావేశంతో పైకి లేచి, గాలి లేని గొట్టంలో పరుగు తీస్తాయి. తేలికవి ముందు, బరువైనవి వెనక చేరతాయి. ఆ చేరిన వేళలను లెక్కగట్టి యంత్రం ఒక గీతల పటం గీస్తుంది. ప్రతి జాతి క్రిమికీ ఆ గీతల వరస వేరు. పెద్ద ప్రోటీన్లను చెదరగొట్టకుండా లేజర్‌తో పైకి లేపే ఉపాయాన్ని కనిపెట్టిన జపాన్ ఇంజనీరు కోయిచీ తనాకాకు 2002లో రసాయన శాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. ఆయన పీహెచ్‌డీ కూడా చేయనివాడు, ఒక ద్రావణానికి బదులు మరొకటి పొరపాటున కలిపి, పారబోయడం ఎందుకని పరీక్షించి చూసినవాడు. ఆ ఉపాయం మీద పెరిగిన ఈ రంగంలో నేడు జర్మనీ మూలాలున్న బ్రూకర్, ఫ్రాన్సుకు చెందిన బయోమెరియూ ప్రధానమైన కంపెనీలు. రోగుల నమూనాలలోని క్రిములను గుర్తించడానికి ఈ రెండింటి యంత్రాలకూ 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది.

ఈ యంత్రం గొప్పదే, అందులో నాకు అనుమానం లేదు. కాని అమ్మేవారి కరపత్రాలలో కనిపించే "నిమిషాల్లో ఫలితం" అన్న మాటకు అర్థం ఏమిటో రోగి బంధువులకు తెలియాలి. ఆ నిమిషాలు కాలనీ పెరిగిన తర్వాత లెక్కపెట్టే నిమిషాలు. రక్తంలోని క్రిమి సీసాలో పెరగడానికి పట్టే ఒకటి రెండు రోజులను ఏ లేజరూ తగ్గించలేదు. పేరు తెలిసిన తర్వాత కూడా ఆ క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ పరీక్షకు మరో రాత్రి కావాలి. పైగా ఈ. కొలై, షిగెల్లా వంటి దగ్గరి చుట్టాలను ఈ పద్ధతి సరిగా విడదీయలేదు. ఇవన్నీ ల్యాబ్‌లో పనిచేసేవారికి తెలిసినవే కాబట్టి వీటి మీద ఎక్కువ రాయను.

నేను ఎక్కువ రాయదలచింది మా తోడల్లుడి గురించి. ఆయనది సిద్దిపేట వైపు పల్లె. మధుమేహం ఉన్న మనిషి. రెండేళ్ళ కిందట వానాకాలం నాట్ల తర్వాత జ్వరం పట్టుకుని మూడు వారాలు వదలలేదు. అక్కడి డాక్టర్లు ఇంజెక్షన్లు మార్చి మార్చి ఇచ్చిన తర్వాత హైదరాబాద్ తీసుకువచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. రక్తం తీసేటప్పటికే ఒంట్లో మూడు రకాల యాంటీబయాటిక్‌లు ఉన్నాయి; సీసాలో ఏమీ పెరగలేదని ఐదో రోజు రిపోర్టు వచ్చింది. స్కానింగ్‌లో ప్లీహంలో చీముగడ్డలు కనిపించాయి. క్షయ అయి ఉంటుందని ఒకరు, ఇంకేదో అని ఇంకొకరు అన్నారు. చివరకు సూదితో చీము తీసి కల్చర్‌కు పంపితే క్రిమి పెరిగింది. ఆ ఆసుపత్రిలో సరికొత్త యంత్రం ఉంది. అది ఇచ్చిన పేరు బర్ఖోల్డేరియా థాయ్‌లాండెన్సిస్.

ఆ పేరున్న క్రిమి మట్టిలో ఉంటుంది, మనిషికి సాధారణంగా జబ్బు తెప్పించదు. అంటే ఆ రిపోర్టును నమ్మితే, చీములో పొరపాటున చేరిన మట్టి క్రిమి అని పక్కన పెట్టేయవచ్చు. అక్కడి మైక్రోబయాలజిస్టు, వయసులో మా అమ్మాయి కన్నా చిన్నది, పక్కన పెట్టలేదు. ముడతలుపడ్డ కాలనీలను, ఆక్సిడేజ్ పరీక్షను, జెంటామైసిన్, కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌లు రెండింటికీ లొంగకుండా కోఅమాక్సిక్లావ్‌కు లొంగిన తీరును చూసి, రోగి మధుమేహం ఉన్న రైతు అని కేసు షీట్‌లో చదివి, యంత్రం చెప్పిన పేరును అనుమానించి, నమూనాను పీసీఆర్ అనే జన్యు పరీక్ష కోసం మరో సంస్థకు పంపింది. అది బర్ఖోల్డేరియా సూడోమాలై అని తేలింది. 1912లో రంగూన్ నుంచి విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు మొదటగా లోకానికి తెలిపిన మెలియాయిడోసిస్ అనే జబ్బు ఇదే. తడి నేలలో, వరి మడిలో ఉండే క్రిమి. కాలి పగుళ్ళ ద్వారానో, శ్వాస ద్వారానో చేరుతుంది. మధుమేహం ఉన్నవారిని ఎక్కువగా పట్టుకుంటుంది. నాలుగు వారాలు సెఫ్టాజిడిమ్ ఎక్కించి, తర్వాత నెలల తరబడి కోట్రైమాక్సజోల్ మాత్రలు వాడించారు. ఆయన ఇప్పుడు పొలానికి వెళుతున్నారు, మోకాలి దాకా బూట్లు వేసుకుని, ఊళ్ళో వాళ్ళు నవ్వుతున్నా సరే.

యంత్రం ఎందుకు తప్పు చెప్పిందని ఆ అమ్మాయిని అడిగాను. సూడోమాలైని జీవాయుధంగా వాడే ప్రమాదం ఉందని పాశ్చాత్య దేశాలు దాన్ని ప్రమాదకర క్రిముల పట్టీలో పెట్టాయి. అందువల్ల కొన్ని యంత్రాలలో దాని గీతల పటం మామూలు జాబితాలో కాక, విడిగా తీసుకోవలసిన మరో జాబితాలో ఉంటుంది. ఆ రెండోది లేని యంత్రం, తనకు తెలిసిన పేర్లలో అతి దగ్గరి చుట్టం పేరు చెబుతుంది. అమెరికాలో అరుదుగా కనిపించే క్రిమి విషయంలో అది అక్కడివారికి పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. వరి పండే తెలంగాణకు, ఇంటింటా షుగర్ ఉన్న తెలంగాణకు అదే లెక్క సరిపోదు. చెవిలో మొదట దొరికినందున ఆరిస్ అని పేరుపడ్డ క్యాండిడా విషయంలోనూ ఇదే జరిగింది. 2009లో జపాన్ నుంచి మొదట వర్ణించిన ఈ శిలీంధ్రాన్ని మరో పద్ధతిలో పనిచేసే ఆటోమేటిక్ యంత్రాలు చాలాకాలం హీమ్యులోనియై అనే వేరే పేరుతో చూపించాయి. చాలా మందులకు లొంగకుండా, ఐసీయూలలో మంచం నుంచి మంచానికి పాకే క్రిమి అది. పేరు తప్పితే ఆ రోగిని విడిగా ఉంచాలన్న సంగతే ఎవరికీ తట్టదు.

జాబితాలు మారవని కాదు. కంపెనీలు వాటిని ఎప్పటికప్పుడు పెంచుతూనే ఉన్నాయి. అయితే కొత్త జాబితా ప్రతి ఆసుపత్రి యంత్రంలోకీ దానంతట అది చేరదు. ఇక్కడే వ్యాపారం సంగతి కొంత చెప్పాలి. చాలా ల్యాబులు ఇలాంటి పెద్ద యంత్రాలను కొనవు. కంపెనీయే యంత్రాన్ని తెచ్చి పెడుతుంది, బదులుగా ఇన్నేళ్ళపాటు కిట్లు, రసాయనాలు తన దగ్గరే కొనాలని ఒప్పందం రాయించుకుంటుంది. దీన్నే రీఏజెంట్ రెంటల్ అంటారు. డబ్బు లేని ల్యాబుకు అది మేలే. కాని ఆ ఒప్పందాలలో కిట్టు ధర గురించి పేజీలకు పేజీలు ఉంటాయి గాని, జాబితాను ఎప్పుడెప్పుడు మార్చాలి, ఇక్కడి క్రిములు అందులో ఎన్ని ఉన్నాయి అన్న మాట నా సర్వీసులో ఒక్కదానిలోనూ చూడలేదు. కొనేవారు అడగలేదు, అమ్మేవారు చెప్పలేదు.

మనకు చేతకాక ఇలా ఉందని అనుకోను. 1897 ఆగస్టు 20న ఇదే సికింద్రాబాద్‌లో, మైక్రోస్కోపు ఒక్కటే ఆధారంగా, దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ గుర్తించాడు. పాతవాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టుకున్నాం. క్షయను జన్యు పరీక్షతో గుర్తించే రంగంలో 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన విదేశీ సీబీనాట్ యంత్రానికి దీటుగా, గోవాకు చెందిన మోల్‌బయో బ్యాటరీతో నడిచే ట్రూనాట్‌ను తయారు చేసి 2020లో అదే ఆమోదం పొందింది. కరెంటు పోయే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని కళ్ళారా చూసినవారికే బ్యాటరీ ఆలోచన వస్తుంది. కరోనా కాలంలో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రజ్ఞులు నగరపు మురుగునీటిని పరీక్షించి వైరస్ ఎంతమందికి సోకి ఉంటుందో అంచనా వేశారు. శామీర్‌పేట దాటితే టీకాల కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ ఉంది. టీకాలలో ప్రపంచానికి సరఫరా చేయగలిగిన నగరం, తన క్రిముల జాబితాను తాను రాసుకోలేదా?

రాసుకోవలసిన అవసరం మనకు మిగతావారికన్నా ఎక్కువ. పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. మందు మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో బతకడం నేర్చుకున్న క్రిములు మన చుట్టూ ఉన్నప్పుడు, వాటి పేర్లూ గుణాలూ విదేశీ జాబితాలలో వాటంతటవే ఎక్కుతాయని కూర్చోవడం సబబు కాదు. క్రిములను భద్రపరిచే జాతీయ నిలయాలు చండీగఢ్‌లో, పుణెలో ఉన్నాయి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్, ఫీవర్ ఆసుపత్రులలో ప్రతిరోజూ పెరుగుతున్న క్రిములలో అరుదైనవాటిని, యంత్రం తడబడ్డవాటిని ఒకచోట దాచి, సీసీఎంబీ వంటి సంస్థ చేత జన్యు పరీక్షతో పేరు ఖాయం చేయించి, ఆ గీతల పటాలను రాష్ట్రంలోని అన్ని యంత్రాలకూ ఉచితంగా అందించే ఏర్పాటు చేయడానికి కొత్త భవనం అక్కరలేదు. డీప్ ఫ్రీజర్లు, నలుగురు మనుషులు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. సొంత పటాలను చేర్చుకునే వీలు ఈ యంత్రాలలో చాలావాటికి ఉంది; ఆ వీలును మూసిపెట్టిన యంత్రాన్ని ప్రభుత్వ డబ్బుతో కొనకూడదన్న షరతును టెండర్‌లో చేర్చాలి.

నమూనా తీసే చెయ్యి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్దవారికి ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పోయాలి, కనీసం రెండు చోట్ల నుంచి తీయాలి, మొదటి యాంటీబయాటిక్ చుక్క ఒంట్లోకి వెళ్ళకముందే తీయాలి. నేను ల్యాబ్‌లో అందుకున్న సీసాలలో సగానికి సగం 3 మిల్లీలీటర్లు కూడా లేనివే. "ముసలాయన, ఎక్కువ తీస్తే నీరసిస్తాడు" అని బంధువులు అడ్డుపడతారు, సిస్టర్ ఏమీ అనలేక ఊరుకుంటుంది. కోటి రూపాయల పైచిలుకు యంత్రానికి ఆ మూడు మిల్లీలీటర్ల నుంచి పేరు చెప్పమని అడుగుతాం. అలాగే, శనివారం సాయంత్రం యంత్రం చెప్పిన పేరు సోమవారం ఉదయం రౌండ్ల దాకా కంప్యూటర్‌లోనే ఉండిపోయిన సందర్భాలు నా కళ్ళతో చూశాను. రాత్రి వేళ ల్యాబ్ నుంచి వార్డుకు ఫోన్ చేసే బాధ్యత ఫలానా వ్యక్తిదని రాసిపెట్టిన ఆసుపత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మన యువ మైక్రోబయాలజిస్టులూ టెక్నీషియన్లూ ఆ అమ్మాయిలా యంత్రాన్ని అనుమానించగలగాలంటే, వారికి కాలనీ చూడడం, గ్రామ్ స్టెయిన్ చదవడం నేర్పాలి. యంత్రం వచ్చింది కదా అని పాత గొట్టాల శిక్షణను ఎత్తివేస్తున్న కాలేజీలు ఉన్నాయని వింటున్నాను. అదే నిజమైతే వైద్య విద్యా శాఖ వెంటనే పట్టించుకోవాలి. ఈ సంవత్సరం యంత్రాల కొనుగోలుకు ఎంత కేటాయిస్తారో, టెక్నీషియన్ల ఖాళీల భర్తీకి ఎంత కేటాయిస్తారో ఆరోగ్య శాఖ ఒకే కాగితం మీద పక్కపక్కన ప్రకటిస్తే, ఆ రెండు అంకెలను మీ వాణిజ్య పుటలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్
నల్లకుంట, హైదరాబాద్