లూయిస్ నుంచి చిన్నాయనకు: గ్రౌండు సంగతులు

చిన్నాయనకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. పదిహేడు వేల జనం ఉన్న ఊళ్లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు 140 ఏళ్లుగా ఎట్లా నిలబడిందని మొన్న అడిగావు. అది ఫోన్లో తెగే మాట కాదు. స్కూలు గ్రౌండును కంటికి రెప్పలా చూసిన పీఈటీవి కాబట్టి ఉత్తరం రాస్తున్నా. ఇందులో గోల్స్ సంగతి తక్కువ, నేల సంగతి ఎక్కువ.

ఊరి పేరు లూయిస్, ఇంగ్లండు దక్షిణాన ఉన్న ఈస్ట్ ససెక్స్ కౌంటీకి ముఖ్య పట్టణం. క్లబ్బు పుట్టింది 1885లో. గ్రౌండు పేరు డ్రిప్పింగ్ పాన్, అంటే మాంసం కాల్చేటప్పుడు కారే కొవ్వును పట్టే పళ్లెం. చుట్టూ గట్లు, మధ్యలో పల్లం, పేరుకు తగ్గట్టే ఉంటుంది. పక్కన పాత మఠం శిథిలాలున్నాయి. ఆ మఠం సన్యాసులు ఇక్కడ ఉప్పు తీసేవాళ్లని ఒక కథ చెబుతారు, నమ్మేవాళ్లు నమ్ముతారు.

ఇక్కడి ఫుట్‌బాల్‌లో పైనున్న ప్రీమియర్ లీగ్ నుంచి లీగ్ టూ దాకా నాలుగు మెట్లు, మొత్తం 92 క్లబ్బులు. ఆ కింద ఉన్నదంతా నాన్-లీగ్. పేరు చూసి లీగ్ లేదనుకోకు, అక్కడ అడుగడుక్కీ లీగే. లూయిస్ మగవాళ్ల జట్టు 2008లో ఐదో మెట్టు దాకా ఎక్కి, ఏడాదికే దిగింది. తాహతుకు మించి ఎక్కితే అప్పులే మిగులుతాయి. 2010లో అభిమానులే క్లబ్బును చేతికి తీసుకున్నారు. ఎవరైనా వాటా కొనొచ్చు, ఎన్ని కొన్నా ఓటు మాత్రం ఒక్కటే, లాభం పంచడమనేది లేదు. ఈలోగా ఎనిమిదో మెట్టు దాకా జారినా, 2018లో మళ్లీ ఏడో మెట్టుకు, ఇస్త్మియన్ లీగ్ ప్రీమియర్ డివిజన్‌కు చేరారు.

2017లో ఆడవాళ్ల జట్టుకూ మగవాళ్ల జట్టుకూ ఆటగాళ్ల బడ్జెట్ సమానం చేశారు. ఈ పని చేసిన మొదటి క్లబ్బు ఇదే. ఆ ఆడపిల్లలు 2023లో మహిళల ఎఫ్ఏ కప్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి, ఇదే గ్రౌండులో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 1-3తో ఓడారు. గ్రౌండు బాగోగులు చూసే గ్రౌండ్స్‌మన్ లెక్క మాత్రం వేరు: ఒకే గడ్డి మీద రెండు జట్లు, అంటే రెట్టింపు అరుగుదల.

ఈ మెట్టులో చాలామందికి పగలు వేరే ఉద్యోగం ఉంటుంది. వారానికి రెండు సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారం మూడు గంటలకు మ్యాచ్, మధ్యలో మంగళవారం రాత్రి ఇంకొకటి. కాంట్రాక్టు లేని ఆటగాణ్ణి పిలుచుకోవాలంటే అవతలి క్లబ్బు ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇస్తే చాలు. అందుకే బాగా ఆడే కుర్రాడు నెల తిరక్కుండానే వేరే జెర్సీలో కనిపించొచ్చు. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ కొట్టిందంటే, ఉద్యోగమూ జట్టూ ఒకటే కావడం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. ఇక్కడి కుర్రాళ్లకు ఆ వీలు లేదు.

ఇంత చిన్న క్లబ్బుకు టీవీ డబ్బు రాదు. గేటు టికెట్లు, బార్, టీ కొట్టు, లాటరీ చీటీలు, అన్నీ మ్యాచ్ జరిగితేనే. ఐదో మెట్టు దాకా గ్రౌండు కనబడే చోట బీరు తాగడం 1985 చట్టం ప్రకారం నేరం. ఆ కింద ఆ నిషేధం లేదు, కాబట్టి గ్లాసు చేత పట్టుకుని గోల్ వెనక నిలబడతారు. హాఫ్‌టైమ్‌లో తమ జట్టు ఏ వైపు దాడి చేస్తుందో చూసుకుని జనమంతా గ్లాసులతో సహా అవతలి గోల్ వెనక్కు నడిచిపోతారు. అవతలి ఊరి వాళ్లు దారిలో ఎదురైతే ఒక మాట విసురుతారు, అంతే.

శనివారం మ్యాచ్ రద్దయితే ఆ రాబడి పోతుంది, తెచ్చిన రొట్టెలు మిగిలిపోతాయి. అదే మ్యాచ్ మంగళవారం రాత్రి పెడితే జనం పలచగా వస్తారు. అట్లాంటివి నాలుగు పోగైతే ఏప్రిల్‌లో వారానికి మూడు మ్యాచులు, కాళ్లు పట్టేసిన ఆటగాళ్లు. అందుకే మొత్తం క్లబ్బులో ముఖ్యమైన మనిషి గ్రౌండ్స్‌మన్ అంటాను నేను.

అనుమానం ఉన్న రోజు పొద్దున్నే దగ్గర్లో ఉన్న రిఫరీ ఒకరు వచ్చి చూస్తారు. మడమతో నొక్కుతారు: బూటు చుట్టూ నీళ్లు ఊరితే ప్రమాదం, మడమ అసలు దిగకపోతే నేల గడ్డకట్టినట్టు. బంతిని భుజం ఎత్తు నుంచి వదులుతారు, లేవకుండా చతికిలబడితే ఆట కష్టమే. అన్నిటికంటే తడిగా ఉన్న చోట బంతిని దొర్లించి, ఎక్కడ ఆగిపోతుందో చూస్తారు. మ్యాచ్ రిఫరీ వచ్చాక చివరి మాట ఆయనదే.

నీళ్లు నిలిస్తే చీపురుతో తోయడం మొదటి తప్పు, ఆ నీళ్లు పక్కకు పోయి అక్కడ నిలుస్తాయి. ఇసుక చల్లడం రెండో తప్పు, పైన అందంగా కనిపిస్తుంది కానీ బంకమట్టితో కలిసి ముద్దవుతుంది. పని చేసేది ఫోర్కు, అంటే తోటపనిలో వాడే పొడుగు పిడి పళ్ల పార. పళ్లను నిలువుగా 15 సెంటీమీటర్లు దింపి, పిడిని కొద్దిగా వెనక్కు ఊపి, వచ్చిన దారినే తీయాలి. పెళ్లగించకూడదు, గడ్డి వేళ్లతో సహా లేస్తుంది. అరడుగుకొక పోటు చొప్పున మడుగంతా పొడవాలి, నడుము పడిపోతుంది. తడి నేల మీద రోలరు తిప్పారా, చేసిన రంధ్రాలన్నీ మూసుకుపోతాయి.

మంచు కురిసిన పొద్దున గడ్డి మీద నడవనివ్వరు. ఆకులో నీరు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి తొక్కితే కణాలు చిట్లి, రెండు రోజులకు అడుగుల ఆకారంలోనే నల్లబడుతుంది. ముందు రాత్రి గుడ్డ కప్పితే కాపాడొచ్చు, కానీ పగలు తీయకపోతే కింద చెమ్మకు బూజు తెగులు పడుతుంది.

ముందు అరిగేది గోల్ ముందు జాగా. ఆట వల్ల అరిగేది కొంతే, మ్యాచ్‌కు ముందు కీపరు అరగంట అక్కడే దొర్లి చేసే ప్రాక్టీసు వల్ల ఎక్కువ. అందుకే చక్రాల గోల్ ఒకటి పక్కన పెట్టి అక్కడికి పంపుతారు. ఇంకొకటి, లైన్స్‌మన్ ఒక్కొక్కరూ తమ వైపు సగం గీత వెంటే పరిగెత్తుతారు కదా, ఆ రెండు సగాలూ మూలకు మూల ఎదురుగా బాటలు పడతాయి. సీజన్ మధ్యలో రిఫరీని అడిగి మూలలు మార్పిస్తే ఆ గడ్డికి ఊపిరి దొరుకుతుంది. పైసా ఖర్చు లేదు, అయినా చాలా క్లబ్బులకు తట్టదు.

మేలో సీజన్ అయ్యాక అసలు వైద్యం. ఎండుగడ్డిని గీకి తీసి, 60 నుంచి 100 టన్నుల ఇసుక పరిచి, రై గడ్డి విత్తనం చదరపు మీటరుకు 35 గ్రాములు వేస్తారు. 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు గ్రౌండుకు 224 కిలోలు, అంటే 20 కిలోల సంచులు పన్నెండు. వెచ్చగా ఉండి తడి ఆరకపోతే పది రోజుల్లో మొలుస్తుంది, కానీ కాళ్లకు తట్టుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. జులైలో పెద్ద క్లబ్బుతో స్నేహపూర్వక మ్యాచ్ పెట్టి నాలుగు డబ్బులు చేసుకోవాలని కమిటీ, ఇంకో పది రోజులు ఆగమని గ్రౌండ్స్‌మన్. ఈ తగువు ఊరూరా ఉన్నదే. ప్లాస్టిక్ గడ్డి వేస్తే తీరుతుంది కదా అంటావేమో. అట్లా వేసిన సట్టన్ యునైటెడ్ అనే క్లబ్బు 2021లో లీగ్ టూకు ఎక్కినప్పుడు, అక్కడి నియమం ఒప్పుకోక అంతా పెరికి మళ్లీ మామూలు గడ్డి వేసుకోవాల్సి వచ్చింది.

అనంతపురంలో రై గడ్డి జోలికి పోవద్దు, మన ఎండకు నిలవదు. మన గరికే నయం, వేడిలో పాకుతుంది, కణుపులు నాటినా చాలు. తొలి వానలకు నేల కాస్త మెత్తబడ్డాక ఫోర్కు పోట్లు వేయించు, మన గట్టి ఎర్రమట్టికి అవసరం ఇంకా ఎక్కువ. గీతల వెడల్పు 12 సెంటీమీటర్లు దాటనీయకు. ఘాటు సున్నం మాత్రం వద్దు, తడి తగిలితే పిల్లలు పడ్డప్పుడు మోకాలి చర్మం కాలుతుంది. ముగ్గుపిండి వేయించు.

చిన్నమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు
నీ అన్న కొడుకు